నర్సింగ్ పిల్లల పోస్టింగ్ ప్లానర్: గుంటూరు నుంచి ప్రాజెక్టు డైరీ

జూన్, కాలేజీ తెరవక ముందు

ముందు ఏం కడుతున్నానో చెప్తా. బీఎస్సీ నర్సింగ్ చదివే పిల్లలు ఏ వారం ఏ వార్డుకి పోవాలి, వాళ్లతో ఏ ట్యూటర్ ఉండాలి, ఎవరికి ఎక్కడ ఎన్ని గంటలు అయ్యాయి, ఇంకా ఎన్ని బాకీ ఉన్నాయి, ఇవన్నీ చూసుకునే సాఫ్ట్‌వేర్. మా వదిన ఇక్కడే గుంటూరులో ఒక నర్సింగ్ కాలేజీలో ట్యూటర్. క్లినికల్ రొటేషన్ ప్లాన్ వేసే పని ఆవిడదే. ప్రతి సెమిస్టర్ ముందు డైనింగ్ టేబుల్ నిండా చార్టులు, రంగు రంగుల స్కెచ్ పెన్నులు, పక్కన ల్యాప్‌టాప్‌లో ఎక్సెల్, అన్నీ పరుచుకుని కూర్చుంటారు, ఒక గ్రూపుని కదిపితే ఇంకో మూడు గ్రూపులు కదుల్తాయి, మళ్లీ రబ్బరు పెట్టి చెరపడం. చాలా కాలంగా చూస్తున్నా, ఈసారి చేద్దాం వదినా అన్నాను, సరే కూర్చో ముందు రూల్స్ చెప్తా అన్నారు.

రూల్స్ ఇవీ. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ 2021లో కొత్త రెగ్యులేషన్స్ తెచ్చాక బీఎస్సీ నర్సింగ్ సెమిస్టర్ పద్ధతిలోకి వచ్చింది, నాలుగేళ్లకి 8 సెమిస్టర్లు, సెమిస్టర్‌కి 20 వారాలు, అంతా క్రెడిట్ లెక్క. థియరీలో ఒక క్రెడిట్ అంటే వారానికి గంట, ల్యాబ్‌లో 2 గంటలు, క్లినికల్స్‌లో 4 గంటలు. అంటే ఒక క్లినికల్ క్రెడిట్‌కి పిల్లలు 80 గంటలు వార్డులో ఉండాలి. మూడో సెమిస్టర్‌లో అడల్ట్ హెల్త్ ఒక్కదానికే 6 క్రెడిట్లు, 480 గంటలు. మిడ్‌వైఫరీ ఆరో సెమిస్టర్‌లో 240, ఏడులో 320. ఎనిమిదో సెమిస్టర్ మొత్తం ఇంటర్న్‌షిప్, అదొక్కటి మాత్రం 22 వారాలు, అందులో అడల్ట్ హెల్త్ 6 వారాలు, కమ్యూనిటీ, చైల్డ్ హెల్త్, మెంటల్ హెల్త్, మిడ్‌వైఫరీ తలా 4 వారాలు.

ఇక అసలు రూలు. పరీక్ష రాయాలంటే థియరీలో, ప్రాక్టికల్‌లో 80 శాతం హాజరు చాలు. కానీ డిగ్రీ చేతికి రావాలంటే ప్రతి ప్రాక్టికల్ ఏరియాలో 100 శాతం ఉండాలి. జ్వరం వచ్చి మానేసినా, ఇంట్లో పెళ్లికి పోయినా, ఆ గంటలు ఎప్పటికైనా కట్టి తీరాలి. ఈ 80కీ 100కీ మధ్య ఉన్న గ్యాప్‌లోనే పిల్లలు ఇరుక్కుపోతున్నారు అంటారు వదిన.

జూలై మొదట్లో

నేను ముందు అనుకున్నది మామూలు టైమ్‌టేబుల్ సాఫ్ట్‌వేర్ లాంటిదే, అడ్డంగా వారాలు, నిలువుగా గ్రూపులు, గడుల్లో వార్డుల పేర్లు. గోడ మీద వేలాడే మాస్టర్ రొటేషన్ ప్లాన్ కూడా అలాగే ఉంటది కాబట్టి. వదిన తన నోట్‌బుక్ తెచ్చి చూపించారు. అందులో గ్రూపుల్లేవు, పేర్లున్నాయి. ఒక్కో అమ్మాయికి ఒక్కో పేజీ. ఫలానా అమ్మాయి గైనిక్ వార్డులో రెండు రోజులు లేదు, ఓటీలో (ఆపరేషన్ థియేటర్‌లో) ఒక రోజు లేదు, ఓటీది కట్టేసింది, గైనిక్‌ది ఉంది, ఇలా.

"ప్లాన్ ఎవరైనా వేస్తారు, బాకీ ఎవరు చూస్తారు చెప్పు" అన్నారు. అంతకుముందు ఎక్కడో విన్న ఒక కేసు కూడా చెప్పారు, కాలేజీ పేరొద్దు. ఒక అమ్మాయికి ఆరో సెమిస్టర్‌లో టైఫాయిడ్ వచ్చింది, లేబర్ రూమ్ పోస్టింగ్ మొత్తం పోయింది, 80 శాతం ఎట్లాగో సరిపోయింది కాబట్టి పరీక్ష రాసి పాసైంది, ఎవరికీ గుర్తులేదు. కోర్సు అయిపోయే ముందు సర్టిఫికెట్ల కోసం లెక్కలు తీస్తే అప్పుడు బయటపడింది, తోటివాళ్లందరూ ఉద్యోగాల్లో చేరిపోతుంటే ఆ అమ్మాయి ఒక్కతే జూనియర్లతో లేబర్ రూమ్‌కి పోయింది. ఆమె తప్పు ఇందులో ఏముంది?

అందుకని డిజైన్ మొత్తం తిరగేశాను. గ్రూపు అనేది ప్రింట్‌లో కనపడే పేరు మాత్రమే, లోపల ప్రతి విద్యార్థికీ ఒక ఖాతా ఉంటుంది, బ్యాంకు పాస్‌బుక్‌లాగా. పోస్టింగ్ వేస్తే రావాల్సిన గంటలు పడతాయి, ట్యూటర్ హాజరు వేస్తే అయిన గంటలు పడతాయి, కాంపెన్సేటరీ డ్యూటీ, అంటే మానేసిన గంటలకి బదులు డ్యూటీ, చేస్తే అది వేరే లైనుగా పడుతుంది. ఏ లైనూ చెరపడం కుదరదు, తప్పు పడితే సరిచేసే లైను ఇంకొకటి వేయాల్సిందే. కారణం సింపుల్, రెండేళ్ల తర్వాత యూనివర్సిటీ నుంచో కౌన్సిల్ నుంచో ఇన్‌స్పెక్షన్‌కి వచ్చి ఈ అమ్మాయికి ఈ 80 గంటలు ఎక్కడివి అనడిగితే తేదీ, వార్డు, సంతకం పెట్టిన ట్యూటర్ అన్నీ చూపించగలగాలి.

ఇంకో నిర్ణయం కూడా అప్పుడే తీసుకున్నాం. పేషెంట్ పేరు, ఐపీ నంబరు (ఆసుపత్రిలో చేరినప్పుడు ఇచ్చే నంబరు), ఫొటో, ఏదీ ఈ సాఫ్ట్‌వేర్‌లోకి రాకూడదు. లాగ్‌బుక్‌లో ఏ ప్రొసీజర్ చేశారన్నది చాలు. పిల్లల ఫోన్ నంబర్లు కూడా ట్యూటర్‌కి, ఆఫీసుకి తప్ప ఎవరికీ కనపడవు, వార్డు బయట అంటించే లిస్టులో పేరు, రోల్ నంబరు వరకే.

జూలై చివర

ఈ వారం అంతా వార్డు కెపాసిటీ మీదే గడిచింది. వార్డులో 30 మంచాలుంటే ఎంతమంది పిల్లల్ని పంపొచ్చు? మంచాల లెక్కన వేస్తే చాలామందే పడతారు. ఒక ప్రైవేటు ఆసుపత్రి వార్డు ఇన్‌చార్జ్ సిస్టర్‌తో మాట్లాడితే ఆవిడ చెప్పింది వేరు. పొద్దున షిఫ్ట్‌లో డాక్టర్ల రౌండ్స్, డ్రెస్సింగులు, ఇంజెక్షన్లు, శాంపిల్స్ అన్నీ ఉంటాయి, పిల్లలకి నేర్చుకోడానికి బోలెడు ఉంటది కానీ ఇంకో కాలేజీ పిల్లలూ అప్పుడే వస్తారు. ఒక బీపీ చూడాలంటే ఒకే పేషెంట్ చుట్టూ నలుగురు నిలబడితే ఆయన మాత్రం ఎన్నిసార్లు చెయ్యి చాపుతాడు? అదే మధ్యాహ్నం షిఫ్ట్‌లో జనం తక్కువ, సిస్టర్ పక్కన కూర్చోబెట్టుకుని కేర్ ప్లాన్ రాయించే తీరిక ఉంటది.

కాబట్టి కెపాసిటీ అనేది వార్డుకి ఒక నంబరు కాదు, వార్డు, షిఫ్ట్, రోజు మూడూ కలిపి ఒక నంబరు. పక్క కాలేజీల వాళ్లు వచ్చే వారాలు తెలిస్తే అవి కూడా తీసేయాలి. ఆ నంబరు మేం ఊహించి పెట్టకూడదు, ఇన్‌చార్జ్ సిస్టర్ చెప్పిందే పెట్టాలి, ఆవిడ మారిస్తే అది మారాలి. ఇది స్క్రీన్‌లో చిన్న గడే కానీ నా దృష్టిలో మొత్తం సాఫ్ట్‌వేర్‌లో ముఖ్యమైన గడి ఇదే.

లేబర్ రూమ్ దగ్గర ఇంకా కష్టం. ప్రసవాలు టైమ్‌టేబుల్ చూసుకుని రావు కదా. పొద్దున 8 నుంచి 2 దాకా కూర్చుని ఒక్క డెలివరీ కూడా చూడని రోజులుంటాయి, అందుకని అక్కడ గంటలతో పాటు చూసినవి ఎన్ని, సహాయం చేసినవి ఎన్ని, సొంతంగా చేసినవి ఎన్ని అని విడిగా లెక్క పెట్టాం. గంటలు నిండినా డెలివరీలు తక్కువున్న అమ్మాయికి నైట్ డ్యూటీ ముందు వేయమని సాఫ్ట్‌వేర్ అడుగుతుంది. అబ్బాయిల సంగతి ఇంకోటి. సిలబస్ గంటలు వాళ్లకీ అవే, కానీ కొన్నిచోట్ల లేబర్ రూమ్‌లోకి రానివ్వరు. రానిచ్చే చోట్లే తక్కువ కాబట్టి అవి ముందు వాళ్లకి కేటాయించి మిగతావి అమ్మాయిలకి పంచాలి. గోడ చార్ట్‌లో ఇది ఎప్పుడూ చివర్న గుర్తొచ్చే విషయం, ఇందులో మొదట్లోనే పెట్టాం.

ఆగస్టు

సాల్వర్, అంటే రూల్స్ ఇస్తే వాటికి సరిపోయే ప్లాన్ వెతికిపెట్టే ప్రోగ్రామ్, రాయడం మొదలైంది. గూగుల్ వాళ్ల ఓఆర్-టూల్స్‌లో సీపీ-శాట్ అని ఉంది, ఫ్రీ, ఓపెన్ సోర్స్, పైథాన్‌లో వాడుకోవచ్చు. 60 మంది పిల్లలు, 20 వారాలు, 10 ఏరియాలు అనుకుంటే 12,000 అవును-కాదు ప్రశ్నలు అవుతాయి: ఈ అమ్మాయి ఈ వారం ఈ ఏరియాలో ఉందా లేదా. వాటి మీద రూల్స్ పెడతాం. ఒక వారం ఒక్క చోటే ఉండాలి, వార్డు కెపాసిటీ దాటకూడదు, పదిమందికి ఒక ట్యూటర్ ఉండాలి, పరీక్షల వారం ఎవరికీ పోస్టింగ్ ఉండకూడదు, ఒకసారి వార్డులో పడితే కనీసం రెండు వారాలు వరసగా ఉండాలి. చివరిది వదిన పట్టుబట్టి పెట్టించారు, వారానికొక వార్డు మారితే పిల్లకి సిస్టర్ల పేర్లు తెలిసేలోపే టైము అయిపోద్ది అని.

ఇక్కడ చేసేవాళ్లకి పనికొచ్చే రెండు సంగతులు రాస్తా. ఒకటి, సాల్వర్‌కి కుదరకపోతే కుదరదు అని ఒక్క ముక్క చెప్పి ఊరుకుంటుంది, ఎందుకు కుదరదో చెప్పదు. ట్యూటర్‌కి అది దేనికి పనికొస్తుంది? అందుకని గంటల రూలుని గట్టి రూలుగా పెట్టకుండా ప్రతి విద్యార్థికీ ప్రతి ఏరియాకీ లోటు అని ఒక సంఖ్య పెట్టి, ఆ లోటుని వీలైనంత తగ్గించమని అడిగా. ఇప్పుడు ఎప్పుడు నడిపినా ఏదో ఒక ప్లాన్ వస్తుంది, దాంతోపాటు ఫలానా నలుగురికి పీడియాట్రిక్స్‌లో 24 గంటలు తక్కువ పడతాయి, ఆ వార్డులో ఇంకో ఇద్దరికి చోటు దొరికితే సరిపోద్ది అని కూడా వస్తుంది. ఆ వాక్యం పట్టుకుని నర్సింగ్ సూపరింటెండెంట్ దగ్గరికి పోయి మాట్లాడొచ్చు. రెండు, పిల్లలందరూ సాల్వర్ కంటికి ఒకటే, ఒకటో నంబరుని ఏడో నంబరుని అటూ ఇటూ మార్చి మళ్లీ అదే ప్లాన్‌ని వెతుక్కుంటూ టైమ్ తినేస్తుంది. బాకీలు లేని పిల్లల్ని గ్రూపులుగా కట్టేసి గ్రూపుకి ఒకే ప్రశ్న వేసి, బాకీ ఉన్నవాళ్లని మాత్రం విడిగా పెట్టా, అప్పుడు బాగా తేలికైంది.

లోటుని కలిపి తగ్గిస్తే చాలదని కూడా తేలింది. మొత్తం లోటు 40 గంటలే అనుకోండి, అది ఒకే అమ్మాయి నెత్తిన పడితే? అందుకని మొత్తం కన్నా ముందు, అందరికన్నా ఎక్కువ లోటున్న వాళ్ల లోటు తగ్గాలి అని పెట్టా. దీనివల్ల ప్లాన్ అక్కడక్కడా అందవికారంగా కనిపిస్తుంది, అయినా సరే ఇదే ఉంచుతా.

సెప్టెంబర్

కమ్యూనిటీ పోస్టింగ్. నాకు అన్నింటికన్నా బాగా నచ్చిన భాగం.

పిల్లలు పీహెచ్‌సీ కింద ఊళ్లకి పోయి ఇంటింటి సర్వే చేయాలి, కుటుంబాలని దత్తత తీసుకున్నట్టు కొన్నాళ్లు ఫాలో అవ్వాలి, గర్భిణుల్ని, బాలింతల్ని, బీపీ షుగరు ఉన్న పెద్దవాళ్లని చూడాలి. ప్లాన్ ప్రకారం ఏ నెలైనా ఒకటే. కానీ ఇది గుంటూరు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా మిరప కోతలు. ఆ నెలల్లో పొద్దున్నే ఆడవాళ్లందరూ చేలకి పోతారు, ఇళ్లకి తాళాలు, అరుగు మీద ముసలమ్మ ఒకావిడ ఉంటే ఉంటది. పిల్లలు ఎండలో తిరిగి తిరిగి తాళాల లెక్క రాసుకుని వచ్చారని వదిన చెప్పారు. బాలింత కూడా నెలల బిడ్డని చేను గట్టు మీద చెట్టుకి ఉయ్యాల కట్టి పడుకోబెట్టి కోతకి పోయే ఊళ్లు ఉన్నాయి, నిజానికి నర్సు చూడాల్సింది ఆవిడనే.

కాబట్టి ఊరికి కూడా క్యాలెండర్ పెట్టాం. మెట్ట ఊళ్లకి సంక్రాంతి ముందు పోస్టింగ్, కోతల్లో తప్పనిసరిగా పడితే షిఫ్ట్ సాయంత్రానికి మార్చాలి, బస్సు కూడా సాయంత్రం ఉండాలి. అలాగే బుధవారం, శనివారం టీకాల రోజులు, ఆ రెండు రోజులూ కమ్యూనిటీలో ఉన్న గ్రూపుకి థియరీ క్లాసు పెట్టకూడదు. ఇంతకుముందు టైమ్‌టేబుల్ కోసం బుధవారం క్లాసు పడేది, పిల్లలు టీకాల సెషన్ చూడకుండానే పోస్టింగ్ అయిపోయేది. ఏఎన్ఎం, ఆశా వర్కర్ పక్కన కూర్చుని ఒక పూట గడిపితే తెలిసేది క్లాసులో ఎన్ని పూటలు చెప్పినా రాదు, వ్యాక్సిన్ క్యారియర్‌లో ఐస్ ప్యాకులు ఎట్లా సర్దాలో, ఏడ్చే బిడ్డని తల్లి ఒళ్లో ఎట్లా పట్టించాలో, జ్వరం వచ్చిద్దని వద్దనే నాయనమ్మకి ఎట్లా నచ్చజెప్పాలో.

బస్సు గురించి కూడా ఒక మాట. కాలేజీ బస్సు ఒక్కటే ఉంటే, తెనాలి వైపు ఒక గ్రూపు, అమరావతి రోడ్డు వైపు ఇంకో గ్రూపు ఒకే వారం పడకూడదు. ఇది ఏ సిలబస్‌లోనూ ఉండని రూలు, ప్లాన్ ఆగిపోయేది మాత్రం ఎక్కువసార్లు దీని దగ్గరే.

దసరా సెలవుల్లో

ఇప్పుడు ప్లాన్ మార్చడం మీద పని. ప్లాన్ వేయడం కన్నా ఇది పెద్దది, ఎందుకంటే వేసేది సెమిస్టర్‌కి ఒకసారి, మార్చేది ఎప్పుడు పడితే అప్పుడు. ట్యూటర్ సెలవు పెడతారు, వార్డు రిపేరుకి మూస్తారు, యూనివర్సిటీ పరీక్ష తేదీ జరుపుతుంది.

పరీక్షించడానికి ఒక పెద్ద సందర్భం తీసుకున్నా. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్ నగర్ వైపు ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి, అదే సమయంలో ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చింది. గుంటూరు కాలేజీల్లో విజయవాడ నుంచి వచ్చే పిల్లలు ఎంతోమంది. అటువంటిది మళ్లీ వస్తే, ఒక ప్రాంతం పిల్లలందరూ ఒకేసారి రెండు వారాలు రాలేకపోతే, సాఫ్ట్‌వేర్ ఏం చేయాలి?

మామూలుగా సాల్వర్‌ని మళ్లీ మొదట్నుంచి నడిపితే బ్రహ్మాండమైన కొత్త ప్లాన్ ఇస్తుంది, అందులో వరదతో సంబంధం లేని పిల్లల వార్డులు కూడా మారిపోతాయి. అది ఎవరికీ పనికిరాదు. పేషెంట్‌ని ఎంచుకుని కేస్ స్టడీ సగం రాసిన అమ్మాయిని పక్క వార్డుకి మారిస్తే ఆ కష్టమంతా పోద్ది. అందుకని పాత ప్లాన్‌ని ఆధారంగా ఇచ్చి, మార్చిన ప్రతి గడికీ ఒక పెనాల్టీ పెట్టా, దగ్గర్లో ఉన్న వారానికి పెనాల్టీ ఎక్కువ, దూరంగా ఉన్న వారానికి తక్కువ, నడుస్తున్న వారం అసలు కదలకూడదు. రాలేని పిల్లల గంటలు చివరి వారాల్లోకి, సెలవుల్లోకి, ఖాళీ మధ్యాహ్నం షిఫ్టుల్లోకి పోయి సర్దుకుంటాయి. ఈ వరద లెక్క మీద నడిపితే మిగతా పిల్లల్లో చాలా తక్కువమంది కదిలారు. వదిన ఆ స్క్రీన్‌ని చాలాసేపు చూసి, "దీనికి కారణం కూడా రాయి, ఎందుకు మారిందో పిల్లకి తెలియాలి" అన్నారు. కాబట్టి ఇప్పుడు ప్రతి మార్పు పక్కనా ఒక లైను వస్తుంది.

నవంబర్

మెంటల్ హెల్త్ పోస్టింగ్ ఇంకా తెగలేదు. ఐదో సెమిస్టర్‌లో 80 గంటలు, ఆరులో 160, ఇంటర్న్‌షిప్‌లో 4 వారాలు. జనరల్ ఆసుపత్రుల్లో సైకియాట్రీ ఓపీ, వార్డు ఉంటాయి కానీ పెద్ద మానసిక వైద్యశాల అంటే విశాఖపట్నం చినవాల్తేరుదే. అక్కడికి పంపాలంటే గ్రూపు మొత్తం కలిసి పోవాలి, సింహాద్రికో రత్నాచల్‌కో ముందుగా టికెట్లు తీయాలి, ఉండటానికి వసతి చూడాలి, తోడు ఒక ట్యూటర్ పోవాలి. ఆ ట్యూటర్ పోగానే ఇక్కడ పదిమందికి ఒకరు అనే లెక్క తప్పుతుంది. అంటే విశాఖ గ్రూపు తేదీలు ముందు ఖాయం చేసి, వాటి చుట్టూ మిగతా సెమిస్టర్ అల్లుకోవాలి. ఈ ప్రయాణ బ్లాకులని ముందు విడిగా తేల్చి, తర్వాత మిగతాది తేల్చేలా రెండు దశలు చేస్తున్నా, సగం అయింది.

ఇంకొకటి, ప్రింటు. వార్డులో ఫోన్ తీయడం బాగోదు, చాలాచోట్ల తీయనివ్వరు కూడా. హెడ్ సిస్టర్‌కి కావాల్సింది ఒక ఏ4 కాగితం, పైన వార్డు పేరు, తేదీలు, కింద పేర్లు, షిఫ్ట్, ట్యూటర్ పేరు, సంతకానికి గడి. హాజరు దాని మీదే పడుతుంది, సాయంత్రం ట్యూటర్ ఫోన్‌లో ఎక్కిస్తారు, సిగ్నల్ లేకపోతే ఫోన్‌లోనే ఉండి తర్వాత పోతుంది. ఈ కాగితం కోసం ఫాంట్ సైజు దగ్గర్నుంచి వదిన సహోద్యోగులు ఒక్కొక్కరూ ఒక్కో సలహా ఇచ్చారు, అన్నీ తీసుకున్నా, ఎందుకంటే రోజూ దాన్ని పట్టుకుని నిలబడేది వాళ్లే.

పిల్లల వైపు పేజీ కూడా తెరిచాం, ప్రస్తుతానికి ఒక్క సెమిస్టర్ వాళ్లకే. ఒక అమ్మాయి తన పేరు కొడితే ఏ ఏరియాలో ఎన్ని గంటలు అయ్యాయి, ఎన్ని మిగిలాయి, అవి ఏ వారం వేశారు అన్నది కనపడుతుంది. తెరిచిన వారంలోనే ఇద్దరు వచ్చి మేడమ్ మాకు ఓటీలో ఆరు గంటలు తక్కువ చూపిస్తోంది, ఆ రోజు మేం వచ్చాం అన్నారు, కాగితం తీసి చూస్తే వాళ్ల సంతకాలు ఉన్నాయి, ఎక్కించేటప్పుడు తప్పిపోయింది. సరిచేసే లైను వేశాం. పాత పద్ధతిలో ఇది ఎప్పుడు తెలిసేదో.

వచ్చే సెమిస్టర్‌కి మిగతా బ్యాచ్‌లని కూడా ఎక్కించాలి, పాత నోట్‌బుక్‌లలో ఉన్న బాకీలన్నీ టైప్ చేయాలి, విశాఖ బ్లాకు పూర్తి చేయాలి. నైట్ డ్యూటీ మర్నాడు క్లాసు పెట్టకూడదనే రూలు గురించి ప్రిన్సిపాల్ గారితో ఇంకా మాట్లాడాల్సి ఉంది, నా వరకు అది గట్టి రూలుగానే పెట్టి ఉంచా, తీసేయమంటే కారణం అడుగుతా.